కుడి పక్క ఎవరిది

వల్యే ఓందో
నవంబరు

తమ్ముడు బాల్తసార్‌కి అక్క రుఫీనా దీవెనలు.

నిన్ను ఫాదర్ అని పిలవమని మీ బావ పోరుతూనే ఉంటారు. అంత పెద్ద నగరంలో కెథడ్రల్ మర్యాదల అధికారివట, బిషప్ గారు కూడా నువ్వు చూపించిన కుర్చీలోనే కూర్చుంటారట. కావచ్చు. నీ ముక్కు తుడిచిన చేత్తో రాస్తున్నాను, నాకు తమ్ముడివే.

కొత్త రాజుగారు గద్దెనెక్కిన కబురు మాకు ఇప్పుడు అందింది. ఎక్కి ఏడాది దాటిందని కంచరగాడిదల వాళ్ళు చెప్పారు. ఇన్నాళ్ళూ పోయిన రాజుగారి ఆయురారోగ్యాల కోసం ప్రతి ఆదివారం ప్రార్థన చేశామన్నమాట. సరే, జనవరిలో రాజు పేరు చాటే ఉత్సవం. నగరసభ నుంచి చర్చిదాకా రాజధ్వజం పట్టుకుని నడిచేది మీ బావ. ఆ పదవి వచ్చినప్పటినుంచీ ఈ రోజు కోసమే కాచుక్కూర్చున్నారు.

ఈ ఏడే కొత్త గవర్నరు వచ్చాడు, దోన్ లోరెంసో అరీస. లీమా మనిషి. ముందు వరసలో వాళ్ళిద్దరే నడవాలి. కుడి పక్క నాదంటాడు ఆయన. ధ్వజమంటే సాక్షాత్తూ రాజు, కుడి పక్క ధ్వజానిదంటారు మీ బావ. నగరసభలో దీనిమీద మూడు సమావేశాలయ్యాయి. ఊరి వంతెన కూలి ఏడాదైంది, దానిమీద ఒక్కటీ జరగలేదు.

"ఏమండీ, కుడైతేనేం, ఎడమైతేనేం, చేరేది చర్చికేగా" అన్నాను.

"నీకు తెలీదులే రుఫీనా. మా నాన్న కంచరగాడిదలు తోలాడని ఈ ఊళ్ళో ఇంకా చెవులు కొరుక్కుంటారు. ధ్వజం నా చేతిలో ఉన్న రోజున కూడా నేను ఎడమ పక్కేనా?" అన్నారు. 

నీ మాటంటే గవర్నరు కూడా కాదనలేడట. నియమమేమిటో రాసి పంపమన్నారు. కొంచెం దగ్గుతున్నారు. వానలు మొదలయ్యాయి కదా.

మీ అక్క


సాన్ ఇలారియో
నవంబరు ఆఖరు

అక్కయ్యకి నమస్కారం.

నీ ఉత్తరం అందినప్పుడు నేను కొలబద్ద పట్టుకుని మోకాళ్ళమీద ఉన్నాను. బిషప్ గారి కుర్చీకీ న్యాయసభ అధ్యక్షుడి కుర్చీకీ మధ్య దూరం కొలుస్తున్నాను. ఆదివారం నాడు ఎవరో ఒకదాన్ని అరచేతి వెడల్పు ముందుకు జరిపారు. ఎవరు జరిపారో నాకు తెలుసు, అడగను. అడిగితే మళ్ళీ ఒక విచారణ.

నీకు చెప్పలేదు గానీ, ఇక్కడ రెండేళ్ళుగా ఒక యుద్ధం నడుస్తోంది. బిషప్ గారి అంగీ తోక పొడుగు. వెనక ఒక సేవకుడు దాన్ని ఎత్తి పట్టుకుని నడుస్తాడు. వాడి వెనక అధ్యక్షుడు. "రాజుగారి పేరున తీర్పులు చెప్పేవాణ్ణి, ఒక నౌకరు వెనక నడవనా?" అంటాడాయన. "అయితే నా అంగీ బురదలో ఈడ్చుకుంటూ పోనా?" అంటారీయన. మద్రిద్‌లో రాజుగారికి రాశారు. జవాబు రాలేదు. పోయిన పండుగకి అధ్యక్షుడు ఆ తోక తొక్కాడు. పొరపాటున అన్నాడు. ఊరేగింపు అక్కడే ఆగిపోయింది, కొవ్వొత్తులు కరిగి పిల్లల చేతులు కాలాయి.

బావగారి సంగతి. అడిగారు కాబట్టి చెబుతున్నాను. కుడి పక్క గవర్నరుదే. ధ్వజం ఎడమన నడుస్తుంది. ఇందులో సందేహం లేదు. ఆయనకు నచ్చదని తెలుసు. నాకు తెలిసిన నియమాల్లో ఎవరికైనా నచ్చేది ఒక్కటీ లేదక్కయ్యా.

నీ తమ్ముడు
బాల్తసార్


వల్యే ఓందో
డిసెంబరు

బాల్తసార్,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించలేదు. చూపు ఆనడం లేదు కాబట్టి ఉత్తరాలు నేనే చదువుతాను. "తమ్ముడు ఇంకా రాయలేదండీ" అన్నాను. గాడిదల గంటలు వినబడితే చాలు, వీధిలోకి వెళ్ళి నిలబడుతున్నారు. వానలో.

పోయినసారి కొంచెం దగ్గన్నాను. కొంచెం కాదు. చేతిరుమాలులో నెత్తురు పడుతోంది. నాకు తెలియకూడదని తానే ఉతుక్కుంటున్నారు, పెళ్ళయిన ఇన్నేళ్ళలో బట్ట ఉతకని మనిషి. వంటావిడ పాస్క్వాలా చూసి నాకు చెప్పింది. వైద్యం తెలిసిన సన్యాసి ఒకాయన వచ్చి చూశాడు. వానాకాలం పోయేదాకా గడప దాటనివ్వద్దన్నాడు. ఆ మాట ఆయనతో అంటే, "ఉత్సవం అయ్యాక ఎన్నాళ్ళయినా పడుకుంటాను" అన్నారు.

నువ్వొక పని చెయ్యి. వేరే ఉత్తరం రాయి. ధ్వజధారికి ఒంట్లో బాగుండకపోతే చర్చి లోపల, పీఠం పక్కన, ధ్వజంతో కూర్చుని ఊరేగింపుకి ఎదురు చూడాలని, నడవడంకంటే అది పెద్ద మర్యాద అని రాయి. నీ చేతి రాత, నీ ముద్ర ఉంటే నమ్ముతారు. గవర్నరుకీ అభ్యంతరం ఉండదు, దారిపొడుగునా రెండు పక్కలూ ఆయనవే.

అలాంటి నియమం లేదని నాకు తెలుసు. నువ్వు రాస్తే ఉంటుంది.

అక్క


సాన్ ఇలారియో
డిసెంబరు

అక్కయ్యా,

నీ ఉత్తరం చదివాను. రాద్దామని కాగితం కూడా తీశాను.

రాయలేను. అధ్యక్షుడి మనిషి ఒకడు నా దగ్గరికి వచ్చి, "ఫాదర్, ఒక్క వాక్యం. అంగీ తోక మడిచి పిన్ను పెట్టుకోవచ్చని ఎక్కడో చదివినట్టు రాయండి, చాలు" అన్నాడు. బిషప్ గారి కార్యదర్శి వచ్చి, సేవకుణ్ణి సేవకుడిగా కాక అంగీలో భాగంగా లెక్కించాలని రాయమన్నాడు. ఇద్దరినీ పంపేశాను. ఈ ఊళ్ళో రెండు గుంపులూ ఇంకా కత్తులు దూయలేదంటే, మధ్యలో ఒకడు లేనిది ఉందనడు అన్న నమ్మకం ఒకటే కారణం. ఆ నమ్మకం తప్ప నా దగ్గర మరేం ఉంది? పొలం లేదు, పిల్లల్లేరు.

నా రాత ఊరూరా తిరుగుతుంది. అక్కడ లేని నియమం పుట్టిస్తే, రేపు ఇక్కడ నా నోటికి విలువుండదు.

బావగారికి నిజం చెప్పు. ఎడమ పక్క అని తెలిస్తే అలిగి ఇంట్లోనే ఉండిపోతారేమో, అదీ మంచిదే. ఉన్ని కండువా ఒకటి వెనక వచ్చే గాడిదలమీద పంపుతున్నాను, మెడకు చుట్టుకోమను.

బాల్తసార్


వల్యే ఓందో
జనవరి ఆఖరు

ఫాదర్ బాల్తసార్ గారికి,

ఉత్సవం జరిగింది. మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

నిజం చెప్పాను. అలగలేదు. "అయితే ఎడమ పక్కనే నడుస్తాను, కానీ ఒక్క అడుగు ముందు. దాని గురించి మీ తమ్ముడేమీ రాయలేదుగా?" అన్నారు. జ్వరంతోనే లేచారు. గడ్డం గీసుకుంటుంటే రెండు చోట్ల తెగింది.

రాళ్ళ వీధి తడిసి గుర్రాలు జారతాయని అందరూ నడిచారు. నేను మేడ వసారాలోంచి చూస్తున్నాను. ఆయన ఒకడుగు ముందుకు వేస్తారు, గవర్నరు అడుగున్నర వేస్తాడు. అలా ఇద్దరూ దాదాపు పరుగు. వెనక నగరసభ సభ్యులు ఆయాసపడుతూ. పిల్లలు చప్పట్లు కొట్టారు.

కూడలి మధ్యకి వచ్చేసరికి వడగళ్ళు మొదలయ్యాయి. నిమ్మకాయలంత. జనమంతా పంచల కిందకి పరిగెత్తారు. ఊరేగింపు మాత్రం కదల్లేదు. గవర్నరు పంచ కిందకి పోతే ఈయన ముందున్నట్టు, ఈయన పోతే గవర్నరు గెలిచినట్టు. ముందు వాళ్ళు కదలందే వెనకవాళ్ళు కదలకూడదు. ఊరి పెద్దమనుషులంతా టోపీలమీద రాళ్ళు పడుతుంటే వరస తప్పకుండా నిలబడ్డారు, బాల్తసార్. వరస చాలా చక్కగా ఉంది. నువ్వు చూస్తే మెచ్చుకునేవాడివి.

ఆయనకు దగ్గు తెర వచ్చింది. మోకాళ్ళమీద కూలబడి, తర్వాత పక్కకి ఒరిగిపోయారు.

"ధ్వజం! ధ్వజం నేలకి తగలకూడదు!" అని గవర్నరు అరిచాడు. పెద్ద మేజిస్ట్రేటు దోన్ ఎవుసేబియో వెనకనుంచి వచ్చి కర్ర పట్టుకున్నాడు. "ధ్వజధారి పడిపోతే హక్కు నాది."

"రాజప్రతినిధిని నేనుండగా నీకేం హక్కయ్యా? వదులు!"

"మీరు వదలండి. నగరసభ చేతిలోంచి ధ్వజం బయటికి పోవడానికి వీల్లేదు."

ఇద్దరూ పట్టుకుని గుంజుకుంటున్నారు. ఆయన వాళ్ళ కాళ్ళ మధ్య పడి ఉన్నారు. నోటినుంచి నెత్తురు వచ్చి వడగళ్ళమీద పడుతోంది. ఎవరూ వంగలేదు.

ఎవరో ఆ ధ్వజం గుడ్డ లాగి ఆయనమీద కప్పారు. తర్వాత ఇంటికి మోసుకొచ్చారు. బతికే ఉన్నారు. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి, మాట లేదు.

మీ కండువా ఉత్సవం మర్నాడు అందింది.

రుఫీనా


సాన్ ఇలారియో
ఫిబ్రవరి

అక్కయ్యా,

నన్ను గారు అనకు. తిట్టాలనుంటే తిట్టు.

ఇవాళ న్యాయసభ నుంచి ఒక కాగితాల కట్ట నా బల్లమీదికి వచ్చింది. వల్యే ఓందో గవర్నరు, నగరసభ కలిసి పంపిన ఫిర్యాదు. వాళ్ళు కలిసి చేసిన మొదటి పని ఇదేననుకుంటాను. అందరూ చూస్తుండగా రాజధ్వజాన్ని కర్రనుంచి ఊడదీసి, నెత్తురు కక్కుతున్న ఒక మనిషికి దుప్పటిలా కప్పి, రాజుగారిని అవమానించిన వ్యక్తిని శిక్షించాలట. కొండ అవతలి కన్యాస్త్రీల మఠంలో ఆరేళ్ళు బంధించమంటున్నారు.

దీనిమీద మర్యాదల అధికారి అభిప్రాయం కావాలట.

నువ్వు "ఎవరో" అని రాశావు. ఇందులో పేరుంది. అది నువ్వేనా?

బాల్తసార్


వల్యే ఓందో
మార్చి

నేనే.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు పుస్తకం తీస్తావని. ధ్వజం ఎవరు ముట్టవచ్చో, నేను ఎన్నో దాన్నో వెతుకుతావని. ఆ రోజున నాకు అది వినే ఓపిక లేదు. ఇవాళ కూడా పెద్దగా లేదు.

మెట్లు దిగింది గుర్తులేదు. వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళి "వదలండి" అన్నాను. వదిలేశారు. ఎందుకు వదిలారో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఒకరికొకరు ఇవ్వకూడదు. ఆడదానికి ఇవ్వచ్చో లేదో ఎవరికీ తెలియదు. తెలియక నిలబడ్డారు. ఆ గుడ్డ మంచి పట్టు, బరువైనది. అది తప్ప అక్కడ కప్పడానికి ఏమీ లేదు. నా శాలువా పైనే ఉండిపోయింది.

పాస్క్వాలా కాళ్ళు పట్టుకుంది, నీళ్ళమ్మే మనిషి ఒకడు భుజాలు పట్టుకున్నాడు. పెద్దమనుషులు వరసలోనే ఉన్నారు.

నన్ను మఠానికి పంపితే ఈయనకి ముద్ద ఎవరు పెడతారు? పాస్క్వాలా పెడుతుంది, నిజమే. కానీ ఆయన నా చేత్తోనే మింగుతున్నారు. నోరు ఒక పక్కకి జారిపోయింది, ఎటు పక్కనుంచి పెట్టాలో నాకే తెలుసు.

లేనిది రాయలేనని నువ్వు ఒకసారి అన్నావు. మళ్ళీ అడగను. నీకు తోచింది రాయి. అలిసిపోయాను తమ్ముడూ.

అక్క


సాన్ ఇలారియో
మే

అక్కయ్యా,

విచారణ నిన్న అయింది. ముందు ఫలితం చెబుతాను, నువ్వు కంగారు పడతావు. నిన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. ఫిర్యాదు కట్టి పక్కన పెట్టారు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. ఆవిడ నా తోబుట్టువు, నన్ను అడగడం తగదని మొదటే అన్నాను. వేరే ఎవరికి తెలుసు, మీరే చెప్పండన్నారు. న్యాయమూర్తులంతా వచ్చారు. బిషప్ గారి తరఫున కార్యదర్శి వచ్చాడు. అతని కుర్చీ వేదికమీద వేయాలా, కింద వేయాలా అన్నదానితో పొద్దు సగం గడిచింది. నేనే తేల్చాను. కింద.

అప్పుడు అధ్యక్షుడు అడిగాడు. "ఫాదర్, ఆడమనిషి రాజధ్వజం ముట్టుకోవచ్చునని ఎక్కడైనా ఉందా?"

"లేదండీ."

"ముట్టకూడదని?"

"అదీ లేదు."

"మరి ధ్వజధారి పడిపోయినప్పుడు ధ్వజం ముందు ఎవరందుకోవాలి?"

నా దగ్గర పుస్తకాలన్నీ ఉన్నాయి. వారం రోజులుగా తిరగేసినవే. చెప్పాను: "ఎవరు ముందు నడవాలో ఉంది, ఎవరు ముందు కూర్చోవాలో ఉంది, ధూపం ముందు ఎవరికి వేయాలో ఉంది. మనిషి పడిపోతే ఏం చేయాలో ఒక్క గ్రంథంలోనూ లేదు. రాసినవాళ్ళు మర్చిపోయి కాదండీ. పడ్డవాణ్ణి లేపుతారు కదా, అది కూడా రాయాలా అనుకున్నారు."

ఒక న్యాయమూర్తి దగ్గాడు. అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను.

"ధ్వజమంటే రాజుగారేనని ఫిర్యాదులోనే రాశారు. అయితే ఆ రోజు తన మనిషిని వడగళ్ళనుంచి కాచింది రాజుగారే. అది అవమానమని తమరికి తోస్తే అలాగే తీర్పు రాసి మద్రిద్‌కి పంపండి. ఈ రాజుగారు చలికి వణికే బంటుకి తన గుడ్డ ఇవ్వరని, ఇస్తే నేరమని రాయండి. కింద అందరూ సంతకాలు చేయండి. మొదటి సంతకం ఎవరిదో మాత్రం తమరే తేల్చుకోండి, అది నేను చెప్పలేను."

అక్కయ్యా, ఇన్నేళ్ళ నా కొలువులో మొదటిసారి చూశాను. అధ్యక్షుడు పెద్ద న్యాయమూర్తి వంక చూశాడు. "తమరు వయసులో పెద్దవారు" అన్నాడు. ఆయన, "ఎంతమాట, తమరుండగా నేనా" అన్నాడు. కార్యదర్శి తన కుర్చీ ఇంకా వెనక్కి జరుపుకున్నాడు. ముందు చోటు ఎవరికీ అక్కర్లేకపోయింది. కట్ట కట్టేశారు.

నేను చెప్పింది నియమం కాదు. అబద్ధమూ కాదు. డిసెంబరులో నీకు అలాంటిదొకటి రాయాలని నాకు ఎందుకు తట్టలేదా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు కాగితం తీసి పుస్తకం వంక చూశాను. నిన్న మనుషుల వంక చూశాను. అంతకంటే చెప్పుకోవడానికేం లేదు, బావగారి చెయ్యి తిరిగి రాదు.

కొలువు పోయింది. గుడ్డకంటే మనిషే ముఖ్యమన్నట్టు మాట్లాడి, అంగీ తోకమీద బిషప్ గారి వ్యాజ్యానికి చేటు చేశానట. నన్ను ఆసుపత్రికి పంపారు, రోగుల పాపసంకీర్తనలు వినడానికి. ఇక్కడ మంచాలకు వరస లేదు. ఎవరు ముందు మూలిగితే వాళ్ళ దగ్గరికి ముందు వెళతాను. నడుము నొప్పి మాత్రం అలాగే ఉంది. అక్కడ కుర్చీలకు వంగేవాణ్ణి, ఇక్కడ మంచాలకు వంగుతున్నాను.

సెలవు దొరికాక వస్తాను.

నీ తమ్ముడు


వల్యే ఓందో
జూలై

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయనకి రెండుసార్లు చదివాను. మొదటి సంతకం దగ్గర కళ్ళు మూసుకున్నారు. నవ్వొచ్చినప్పుడు ఇప్పుడు అలాగే చేస్తారు.

నీ కొలువు పోయినందుకు బాధపడాలి కాబోలు. పడలేదు. చిన్నప్పుడు జబ్బు కోడిపిల్లల్ని చొక్కాలో పెట్టుకు తిరిగేవాడివి, నీకు ఆసుపత్రే నప్పుతుంది.

మొన్న సాన్ ఫెర్మీన్ రోజు, ఆయనకి ఎవరి పేరు పెట్టారో ఆ పునీతుడి పండుగ. ఎండ బాగుందని కుర్చీలో, వీధి గుమ్మం లోపలి ముంగిట్లో కూర్చోబెట్టి బంగాళాదుంపల పులుసు తినిపిస్తున్నాను. వీధిలో అలికిడైంది. చూద్దును కదా, గవర్నరు దోన్ లోరెంసో మంచి దుస్తుల్లో వచ్చాడు, పరామర్శకట. అదే వేళకి అటువైపునుంచి దోన్ ఎవుసేబియో నగరసభ సభ్యుల్ని వెంటేసుకుని వచ్చాడు. ఇన్ని నెలలూ చూడడానికి ఒక్కరూ రాలేదు, వస్తే అందరూ ఒక్కసారే.

మా గుమ్మం నీకు తెలుసుగా, ఒక్క మనిషి పడతాడు.

"దయచేయండి" అన్నాడు గవర్నరు, కదలకుండా.

"తమరు దయచేయండి. అయితే ఇది ధ్వజధారి ఇల్లు, నగరసభ వాళ్ళది" అన్నాడు దోన్ ఎవుసేబియో, గడపమీద ఒక కాలు పెట్టి.

"గడపమీద కాలు పెట్టి దయచేయమంటే ఎలాగండీ?"

నేను గిన్నె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. వెళ్ళి, మీరు ముందు, మీరు తర్వాత అని చెప్పవచ్చు, వాళ్ళు వినేవాళ్ళేమో కూడా. ఆ పని నువ్వు ఇన్నేళ్ళు ఎలా చేశావురా?

అప్పుడు వెనకనుంచి మాట వినిపించింది. జనవరి తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట. జారిన పెదవితో, ఒక్కో అక్షరం తోసుకుంటూ.

"రు... ఫీ... నా. చల్లారి... పోతోంది."

గుమ్మం వైపు ఆయన చూడనే లేదు. గిన్నె వైపు చూస్తున్నారు.

వెళ్ళి ఎడమ పక్క కూర్చున్నాను. అటునుంచి పెడితేనే మింగగలరు. పాస్క్వాలా ఇంకో గరిటె వేడిది తెచ్చి పోసింది. నిదానంగా, గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు. మూతి తుడిచి తల తిప్పి చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. వీధికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు వెళ్ళిపోతున్నారు.

"తలుపు వేసెయ్యనా అమ్మా?" అంది పాస్క్వాలా.

"వద్దులే, ఎండ రానీ" అన్నాను.

అక్క